గదిలోని నిపుణులు, గది బయటి సాక్షులు

ఒక పరిశోధన బృందం సౌరవిద్యుత్తు మీదో హైడ్రోజన్ మీదో కొన్నేళ్లు పనిచేశాక, ఆ పనిని తోటి నిపుణుల ముందు పెట్టాల్సిన రోజు వస్తుంది. లక్ష్యం ఏమిటి, పద్ధతి ఏమిటి, ఇంతవరకు ఏం తేలింది, డబ్బు దేనికి ఖర్చయింది, మిగిలిన పని ఎంత అన్న వరసలో స్లైడ్లు తయారవుతాయి. అమెరికా ఇంధన శాఖ తాను నిధులిచ్చిన పునరుత్పాదక ఇంధన ప్రాజెక్టులను బహిరంగంగా సమీక్షకుల ముందు నిలబెట్టి మార్కులు వేయిస్తుంది. మన దేశంలోనూ నిధులిచ్చే శాఖలు నిపుణుల సంఘాల ఎదుట ఇటువంటి విచారణే జరుపుతాయి. పరిశోధన పత్రాలకు బయటి నిపుణుల సమీక్ష అనేది మనం అనుకునేంత పాత ఆచారం కాదు. నేచర్ వంటి పత్రిక కూడా దాన్ని తప్పనిసరి చేసింది 1973లోనే. కానీ ఒక పెద్ద పని తలపెట్టినవారు లెక్కలు పట్టుకొని, తెలిసినవారి ముందు నిలబడి సమాధానం చెప్పుకోవడం విశాఖపట్నానికి దాదాపు నూరేళ్ల అలవాటు. రేవు, జలవిద్యుత్తు, ఉక్కు, బొగ్గు విద్యుత్తు, ఇప్పుడు సౌరవిద్యుత్తు, హైడ్రోజన్: అన్నీ ఏదో ఒక నిపుణుల గది గుండానే వచ్చాయి. ఆ చరిత్రను వరసగా చూస్తే నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ఈ తీరంలో ప్రాజెక్టులను దెబ్బతీసినవి నిపుణులు అడిగిన ప్రశ్నలు కావు, గదిలో ఎవరికీ అడగాలని తోచని ప్రశ్నలు. అందుచేత ప్రజెంటేషన్ తయారుచేయడమంటే మొదటి పని ఆ ప్రశ్నలను తామే వెదికి తెచ్చుకోవడం అని నా వాదన.

రేవుతో మొదలుపెడదాం. కొలంబోకూ కలకత్తాకూ మధ్య ఒక మంచి ఓడరేవు ఉండాలన్నది పంతొమ్మిదో శతాబ్దపు ఆలోచన. మధ్యపరగణాల ఖనిజ సంపదను సముద్రానికి చేర్చాలన్నది వ్యాపార కారణం. బ్రిటిష్ నౌకాదళ శాఖకు చెందిన కల్నల్ కార్ట్‌రైట్ రీడ్ ప్రతిపాదనకు మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక గాని ఆమోదం రాలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే 1927లో పని మొదలుపెట్టింది. 1933 అక్టోబర్ 7న జలదుర్గ అనే ఓడ మొదటగా లోపలికి వచ్చింది, డిసెంబర్ 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును ప్రారంభించాడు. ఖర్చు 378 లక్షల రూపాయలు. ఇక్కడ అసలు పరీక్షాధికారి ఇసుక. ఈ తీరం వెంట ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన ఉప్పుటేటి ముఖం తవ్వి ఓడలకు దారి చేస్తే, నడిచే ఇసుక ఆ దారిని మళ్లీ మళ్లీ పూడ్చేస్తుంది. ఇంజినీర్లు జానస్, వెల్లెడ్సన్ అనే రెండు పాత ఓడలను ప్రవేశమార్గానికి దక్షిణాన ముంచి అడ్డుగోడగా నిలిపారు. వాటి చాటున చేరిన ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి ఉత్తరపు ఒడ్డుకు పంపే ఏర్పాటు వచ్చింది. రేవు కట్టడం ఒకసారి పెట్టే ఖర్చు, ఇసుక తోడడం రేవు ఉన్నంతకాలం పెట్టే ఖర్చు. ఈ రెండో లెక్క లేకుండా మొదటి లెక్క నిలవదు. 1970లలో బయటి రేవు వచ్చాక అడ్డుగోడలు ఇంకా పెరిగాయి. రామకృష్ణా బీచ్ కోతకు గురయ్యే ప్రతిసారీ ఆ ఇసుక లెక్కే మళ్లీ పైకి వస్తుంది.

రెండో ఉదాహరణ పునరుత్పాదక ఇంధనానిదే, మనం ఆ మాట వాడడం మొదలుపెట్టక ముందటిది. విశాఖ మన్యానికీ కోరాపుట్‌కూ సరిహద్దుగా పారే మాచ్‌ఖండ్ నది డుడుమ దగ్గర లోతైన జలపాతంగా దూకుతుంది. జలాపుట్ దగ్గర ఆనకట్ట కట్టి, ఆ దూకుడుతో టర్బైన్లు తిప్పే పథకం మద్రాసు, ఒడిశా ప్రభుత్వాల ఉమ్మడి పనిగా మొదలై, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి ఆస్తి అయింది. 1955 ఆగస్టు 19న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ దాన్ని ప్రారంభించారు. సామర్థ్యం సుమారు 120 మెగావాట్లు. ఇంజినీరింగ్ పరీక్షలో ఆ పథకం నూటికి నూరు మార్కులు తెచ్చుకుంటుంది: నీటి లభ్యత నిజం, ఎత్తు నిజం, ఏడు దశాబ్దాలైనా యంత్రాలు తిరుగుతున్నాయి. కానీ ముంపులో దాదాపు 3,000 కుటుంబాలు ఊళ్లు వదిలాయి. వారిలో సగానికి పైగా గిరిజనులు. ప్రభుత్వం పునరావాసం చూపింది వారిలో కొద్దిమందికే. టర్బైన్ సామర్థ్యం ఎంత అని అడిగే మనిషి గదిలో ఉన్నాడు, ఈ ఇంటివాళ్లు ఎక్కడికి పోతారని అడిగే మనిషి లేడు. నీరు, గాలి, ఎండ తరగనివి కనుక వాటి మీద కట్టేది ఎవరికీ హాని చేయదన్న నమ్మకం మనలో ఇంకా బలంగా ఉంది. ఆ నమ్మకానికి విశాఖ మన్యం 1955లోనే జవాబు చెప్పింది. ఈ రోజు అదే నది కింది భాగంలో, ఎగువ సీలేరు దగ్గర, 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి పథకాన్ని ఏపీ జెన్‌కో తలపెట్టింది. ఎండ ఉన్నప్పుడు నీటిని పైకి తోడి, చీకటి పడ్డాక కిందికి వదిలి విద్యుత్తు తీసే ఆ ఆలోచన సాంకేతికంగా చక్కనిది. దాని మీద ప్రజెంటేషన్ ఇచ్చేవారు మాచ్‌ఖండ్‌ను మొదటి స్లైడ్లలోనే పెట్టాలి. ఎందుకంటే ఇది రాజ్యాంగపు అయిదో షెడ్యూలు కిందికి వచ్చే గిరిజన ప్రాంతం. ఇటువంటి ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 పెసా చట్టం గ్రామసభ మాట వినాలంది. ఇదే మన్యంలోని గనుల కేసులో, 1997 జూలై 11న, సమత తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు గిరిజన భూమి మీద ప్రైవేటు లీజులకు అడ్డు గీసింది.

ఉక్కు కథలో వరస తిరగబడింది. ఇక్కడ నిపుణులు అవునన్నారు, పాలకులు వెనకాడారు. తీరంలో ఉక్కు కర్మాగారం ఎక్కడ పెట్టాలో చూడమని నియమించిన బ్రిటిష్-అమెరికన్ కన్సార్టియం 1965లో విశాఖ అన్నిటికన్నా అనుకూలమని నివేదిక ఇచ్చింది. కేంద్రం మాత్రం దాటవేసింది. 1966 అక్టోబర్‌లో కర్మాగారం విశాఖకే కావాలని అమృతరావు నిరాహారదీక్షకు కూర్చున్నారు, తెన్నేటి విశ్వనాథం ఉద్యమానికి గొంతు అయ్యారు, నవంబర్ 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతటా కలిపి 32 మంది ప్రాణాలు పోయాయి. ఇందిరాగాంధీ 1970 ఏప్రిల్ 17న పార్లమెంటులో ప్రకటన చేశారు, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు, జాతికి అంకితమయ్యేసరికి 1992 ఆగస్టు 1 వచ్చింది. ఆ ఉద్యమాన్ని ఆత్మాభిమానపు పోరాటంగానే చెప్పుకుంటాం. అందులో మనం తక్కువగా గుర్తుచేసుకునేది ఒకటుంది: వీధిలోకి వచ్చిన విద్యార్థుల చేతిలో నినాదంతో పాటు నిపుణుల తీర్పు కూడా ఉంది. ఒక సాంకేతిక నివేదిక గది దాటి జనం నోటికి చేరింది కనుకనే దాన్ని తొక్కిపెట్టడం సాధ్యం కాలేదు. నిపుణుల నివేదికను మామూలు మనిషి తన మాటల్లో తిరిగి చెప్పగలగడం దాని బలహీనత కాదని, దానికి ఆయుష్షు అని ఈ అనుభవం చెబుతోంది.

ఆ ఉద్యమానికి నలభై నాలుగేళ్ల తర్వాత విశాఖకు ఉత్తరాన, శ్రీకాకుళం జిల్లా సోంపేటలో సరిగ్గా దీనికి వ్యతిరేకం జరిగింది. అక్కడి తడినేలలను జనం బీల అంటారు. వానాకాలం నీళ్లు నిలిచి, వేసవి దాకా తేమ ఉండి, వరికీ పశువులకూ చేపలవాళ్లకూ ఆధారమైన నేల అది. దాని మీద 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం కట్టడానికి నిపుణుల సంఘం పరిశీలన తర్వాత పర్యావరణ అనుమతి వచ్చింది. ప్రజాభిప్రాయ సేకరణలో ఊళ్లవాళ్లు ఇది బీడు కాదు, బీల అని మొత్తుకున్నారు. ఆ మాట గదిలో అంకె కాలేకపోయింది. 2010 జూలై 14న నిర్మాణానికి వచ్చిన యంత్రాలను అడ్డుకున్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ అనుమతిని రద్దు చేసింది. ఆ నేల స్వభావాన్ని సరిగా పరిశీలించకుండానే అనుమతి ఇచ్చారన్నది దాని నిర్ణయం. ఊరు అప్పటిదాకా అంటున్నదీ అదే. తీర్పు ఒక్క వారం ముందు వచ్చి ఉంటే అన్న ఆలోచన ఈ తేదీని చదివిన ప్రతిసారీ మనసును కలచివేస్తుంది. ఆ ప్లాంటు నుంచి ఒక్క యూనిట్ విద్యుత్తూ రాలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది, దాన్ని తేలిగ్గా తోసేయకూడదు. బాయిలర్ సామర్థ్యమో, నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసే ఎలక్ట్రోలైజర్ పొర మన్నికో, గ్రిడ్ స్థిరత్వమో ఊళ్లో వాళ్లకు ఎలా తెలుస్తుంది? తోటి నిపుణుల సమీక్ష అన్నదే తెలిసినవాడి పనిని తెలిసినవాడు తూచడం కోసం పుట్టింది కదా, దాన్ని సభ చేస్తే శాస్త్రం ఏమవుతుంది? నిజమే, పొర మన్నిక మీద గ్రామసభ ఓటు వేయడంలో అర్థం లేదు. అయితే సోంపేట జనం బాయిలర్ మీద తీర్పు చెప్పలేదు. నీళ్లు ఎక్కడ, ఎన్ని నెలలు నిలుస్తాయో చెప్పారు. ఆ విషయంలో ఆ గదిలోని వారికంటే వాళ్లే నిపుణులు. మాచ్‌ఖండ్‌లో ఎవరి పొలం ఎక్కడుందో, విశాఖ తీరంలో ఇసుక ఏ నెలలో ఏ వైపు నడుస్తుందో తెలిసినవారి సంగతీ అంతే. ప్రతి ప్రాజెక్టులోనూ కొన్ని అంకెలు ప్రయోగశాలలో పుడతాయి, కొన్ని నేల మీద పుడతాయి. రెండో రకం అంకెలను వాటి సొంత నిపుణులతో సరిచూడకుండా వదిలేస్తే సమీక్ష సగమే జరిగినట్టు. సర్వేకు వెళ్లినప్పుడు ఎవరిని అడిగారు, వారు ఒప్పుకోనిది ఏమిటి అన్న ఒక్క స్లైడ్ ఉంటే, సమీక్షకుడికి తన అనుభవానికి అందని ప్రశ్న కూడా చేతికి వస్తుంది.

పునరుత్పాదక ఇంధనంలో ఈ అవసరం తగ్గలేదు, పెరిగింది. కారణం చట్టంలోనే ఉంది. 1994లో వచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌కు 1997లో ప్రజాభిప్రాయ సేకరణ కలిసింది. ప్రస్తుతం అమల్లో ఉన్నది 2006 నోటిఫికేషన్. బొగ్గు కేంద్రాలు, పెద్ద జలవిద్యుత్ పథకాలు దాని పట్టికలో ఉన్నాయి. సౌర, పవన విద్యుత్ కేంద్రాలు లేవు. వాటి వల్ల పొగ రాదు కనుక మినహాయింపులో తర్కం ఉంది. ఫలితంగా బొగ్గు ప్లాంటుకు ఉన్న బహిరంగ పరీక్ష కూడా వీటికి లేకుండా పోయింది. మిగిలింది సాంకేతిక సమీక్ష ఒక్కటే. అక్కడ అడగని ప్రశ్నను ఇంకెక్కడా అడగరు.

అలా అడగాల్సిన ప్రశ్న ఎంత సాదాసీదాగా ఉంటుందో విశాఖ పక్కనే ఉన్న సింహాద్రి కేంద్రం చూపిస్తుంది. 2,000 మెగావాట్ల ఆ బొగ్గు కేంద్రపు జలాశయం మీద ఎన్టీపీసీ 2021 ఆగస్టులో 25 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రాన్ని ప్రారంభించింది. 75 ఎకరాల్లో లక్షకు పైగా ఫలకాలు. అప్పటికి దేశంలో అదే పెద్దది. ఏటా 46,000 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గుతుందని, 136.4 కోట్ల లీటర్ల నీరు ఆదా అవుతుందని ప్రకటించారు. మొదటి అంకెను చేత్తోనే సరిచూడవచ్చు. మన ఎండకు 25 మెగావాట్ల ఫలకాలు ఏడాదికి నాలుగు కోట్ల యూనిట్ల పైచిలుకు ఇస్తాయి. ఒక యూనిట్ బొగ్గు విద్యుత్తుకు కిలో చుట్టుపక్కల వాయువు వెలువడుతుంది. లెక్క దగ్గర్లోకే వస్తుంది. రెండో అంకెను 75 ఎకరాల మీద పరిస్తే నాలుగున్నర మీటర్ల లోతు నీరవుతుంది. ఈ తీరంలో తెరిచి ఉన్న జలాశయం నుంచి ఏడాదికి ఆవిరయ్యేది రెండు మీటర్ల చుట్టుపక్కలే. అంటే ఆవిరి కాకుండా ఆపిన నీటికి తోడు మరేదో ఆదా అందులో కలిసి ఉండాలి, లేదా లెక్కకు వేరే ప్రాతిపదిక ఉండాలి. ఆ ప్రాతిపదిక అంకె పక్కనే ఉంటే చదివేవారికి అనుమానం రాదు. ఇది ఆ కేంద్రాన్ని తక్కువ చేసే మాట కాదు. కొత్త భూమి అడగకుండా, బొగ్గు కేంద్రపు నీటి మీదనే సౌరవిద్యుత్తు తీయడం ఈ ప్రాంతానికి గర్వకారణం. అటువంటి మంచి పనిని ప్రాతిపదిక లేని అంకెతో చెప్పకూడదనే నా పట్టు. ఇంకో ప్రశ్న గాలిది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలులతో విశాఖ దగ్గరే తీరం దాటింది. ఈ తీరంలో ఫలకాల లంగరు గురించి మాట్లాడేవారెవరైనా ఆ రోజు గాలికి తమ నిర్మాణం ఏమవుతుందో అంకెలతో చూపాలి.

కొన్నిసార్లు తేడా కొలతలో కాక, దేన్ని లెక్కలోకి తీసుకోవాలో గీసిన గీతలో ఉంటుంది. ఉక్కు కర్మాగారం మొదటినుంచీ వృథాగా పోయే శక్తిని పట్టుకోవడంలో ముందుంది: బ్లాస్ట్ ఫర్నేస్ పైనుంచి వచ్చే వాయువు ఒత్తిడితో 12 మెగావాట్ల టర్బైన్లు రెండు, ఎర్రగా కాలిన కోకును నీళ్లు చల్లకుండా వాయువుతో చల్లార్చి ఆ వేడితో ఆవిరి తీసే ఏర్పాటు, తర్వాత జపాన్ సహకారంతో సింటర్ కూలర్ వేడి నుంచి 20.6 మెగావాట్లు. ఇదంతా ఇంధన పొదుపు. దాని మూలం బొగ్గే కనుక పునరుత్పాదకం అనలేం. అలాగే ఓడరేవు తన 10 మెగావాట్ల సౌర కేంద్రంతో ఏడాది అవసరాన్ని తీర్చుకుంటుందని చెప్పేటప్పుడు, రాత్రి క్రేన్లు ఏ విద్యుత్తుతో తిరుగుతున్నాయన్నది ఇంకో లెక్క. గీత ఎక్కడ గీశారో చెబితే రెండూ నిజాలే.

ఆలస్యం గురించిన అభ్యంతరం ఇంకా గట్టిది. వాతావరణం ఆగదు, ఇన్ని ప్రశ్నలు వేస్తూ కూర్చుంటే బొగ్గు ఇంకో ఇరవై ఏళ్లు మండుతుంది అంటారు. తొందర అవసరమే, దాన్ని నేను కాదనను. కానీ విశాఖలో ఆలస్యాల లెక్క తీస్తే నేరం సమీక్ష మీద పడదు. ఉక్కు నివేదిక 1965కే సిద్ధం. తర్వాతి 27 ఏళ్లు నిర్ణయాలకూ నిధులకూ పోయాయి. సింహాద్రి సౌర కేంద్రం 2018లో వచ్చిన పథకం కింద మొదలై మూడేళ్లలో నీటి మీద తేలింది. అడగాల్సిన ప్రశ్న అడగకుండా పరుగెత్తిన సోంపేటలో మాత్రం ప్రాణాలూ పోయాయి, ప్లాంటూ రాలేదు.

ఇక పూడిమడక. అచ్యుతాపురం మండలంలోని ఈ పెద్ద మత్స్యకార గ్రామం దగ్గర ఒకప్పుడు 4,000 మెగావాట్ల బొగ్గు కేంద్రం అనుకున్నారు. అక్కడే 2025 జనవరి 8న హరిత హైడ్రోజన్ హబ్‌కు ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. పెట్టుబడి 1.85 లక్షల కోట్లు, 20 గిగావాట్ల పునరుత్పాదక విద్యుత్తు, రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్. విద్యుత్తు లెక్క సరిపోతుంది. కిలో హైడ్రోజన్‌కు 50 యూనిట్లకు పైగా కావాలి, అంటే రోజుకు ఎనిమిది కోట్ల యూనిట్లు, నిరంతరంగా చూస్తే 3,300 మెగావాట్లు. ఎండా గాలీ రోజంతా ఉండవు కనుక 20 గిగావాట్లు అర్థం చేసుకోదగ్గ అంకె. నీటి దగ్గరే ఆగాలి. రసాయన సూత్రం ప్రకారమే కిలోకు తొమ్మిది లీటర్లు, రోజుకు 1.35 కోట్ల లీటర్ల శుద్ధజలం. చల్లబరచడానికి అయ్యేది వేరు. దాన్ని సముద్రం నుంచి తీస్తే, తోడిన నీటిలో సగానికి పైగా మరింత చిక్కటి ఉప్పునీరై తిరిగి సముద్రంలోకే పోతుంది. అది ఎటు పోతుందో తెలియాలంటే ఈ సముద్రం గురించి తెలియాలి. ఆ జ్ఞానం విశాఖలోనే ఉంది. 1952లో అమెరికా నుంచి వచ్చిన లాఫాండ్ ఆచార్యుడు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్రశాస్త్ర పరిశోధనకు పునాది వేశాడు. నౌకాదళం ఓడల మీద విద్యార్థులను తీసుకెళ్లి ఉష్ణోగ్రతా లవణీయతా కొలిపించాడు. వేసవిలో అడుగునీరు పైకి రావడం, ప్రవాహం మార్చి ప్రాంతంలో ఉత్తరానికీ, అక్టోబర్ తర్వాత దక్షిణానికీ మళ్లడం ఆ తరం నుంచీ రికార్డుల్లో ఉన్నాయి. చేపల వేటకు వెళ్లేవారికి అది రోజూ చూసే సంగతి. ఒకే రుతువులో మూడు నెలలు కొలిచి, ఉప్పునీరు ఉత్తరానికి పోయి పలచబడుతుందని స్లైడ్ మీద బాణం గీస్తే అక్టోబర్‌లో ఆ బాణం తప్పు. కాబట్టి పూడిమడక మీద సమీక్షకు వెళ్లే బృందం దగ్గర కనీసం పన్నెండు నెలల లవణీయత, ప్రవాహ దిశ కొలతలు ఉండాలి. వల పడే చోట్ల పటం మత్స్యకారులతో కలిసి గీసినదై ఉండాలి. ఆ పటం మీద వారు ఎక్కడ అభ్యంతరం చెప్పారో గుర్తు పెట్టి ఉండాలి.